తుడవని ఆకు

భుజాన గుడ్డ లేకుండా ఎలిశబెతును వంటింట్లో చూసినవాళ్ళు లేరు. పదహారేళ్ళుగా పొయ్యిగట్టు, పళ్ళేలు, టిఫిన్ డబ్బాలు, భర్త రూఫస్ హెల్మెట్, అత్తగారి కళ్ళజోడు, ఏది చేతికొస్తే అది తుడిచేస్తుంది. తుడవమని ఎవరూ అనరు. తుడవకపోతే మాత్రం అంటారు.

ఆ ఇంటికి పది నిమిషాల దూరంలో, తోటపల్లి గూడూరు కాలేజీలో ఆమె ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్. ఏటా సైన్సు ప్రదర్శనకి ఆమె చేసిపెట్టినవన్నీ డిపార్ట్‌మెంట్ పెద్ద కిషోర్ బాబు పేరు మీదే వెళ్ళేవి. ఈసారి ఆయనే నవ్వి, "ఈ ఆకు కరెంటు మాత్రం మీ పేరు మీదే పెట్టుకోండి మేడమ్" అన్నాడు. వెక్కిరింపే, తెలుసు. అయినా తన పేరున్న అట్టముక్కను బల్ల మీద పెట్టి, అందరికీ కనబడేలా రెండుసార్లు సర్దుకుంది. ఇంట్లో చెబితే రూఫస్, "ఆకు మీద నీళ్ళు పోస్తే లైటెలుగుద్దా? ముందు పులుసులో ఉప్పు సరిగ్గా వెయ్" అన్నాడు. ప్రదర్శన ఎప్పుడని ఎవరూ అడగలేదు.

ప్రదర్శనకొచ్చిన పరీక్షకుల ముందు ఆమె తామరాకును వాలుగా నిలబెట్టింది. ఆకు మీద కంటికి కనిపించని మైనపు బుడిపెలుంటాయని, వాటి మీద నీరు అంటుకోక గుండ్రంగా జారుతుందని, అలా తాకి జారడంలోనే రవ్వంత కరెంటు పుడుతుందని, కింద అతికించిన రేకూ పైన ఉన్న తీగా దాన్ని దీపానికి చేరుస్తాయని చెప్పింది. చుక్క వదిలింది. నీరు జారలేదు, చదునుగా పరుచుకుంది. ఇంకో చుక్క. దీపం వెలగలేదు. కిషోర్ బాబు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. "మూడింటికి మళ్ళీ ఇటే వస్తాం, అప్పుడు చూద్దాం" అని వాళ్ళు ముందుకు కదిలారు.

రెండు నెలలు ల్యాబ్‌లో వెలిగిన దీపం ఇవాళ ఎందుకు వెలగలేదు? రాత్రి ఇంటికి తెచ్చి బకెట్లో పెట్టిన ఆకును అత్తగారు ముట్టుకుందేమోనని మొదట అనుమానించింది. తర్వాత గుర్తొచ్చింది. పొద్దున రూఫస్ డబ్బా సర్దుతూ, బకెట్లోని ఆకు మీద దుమ్ము కనబడితే, విస్తరి తుడిచినట్టు గట్టిగా, రెండువైపులా తుడిచింది తానే. మైనమంతా గుడ్డకే పోయింది. తిట్టుకుందామన్నా వేరే ఎవరూ లేరు, ఆ గుడ్డ రోజూ తన భుజం మీద ఉండేదే. ఇంత చదువుకున్న తన చేతులు ఎప్పటినుంచి తన మాట వినడం మానేశాయో ఆమెకు తెలియలేదు. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. రూఫస్. "ఇంకా రాలేదేందిమే? రొయ్యల ఫీడు కంపెనీవాళ్ళు మూడింటికి భోజనానికి వస్తాండారని చెప్పినా గదా! అమ్మ ఒక్కతే ఏం చేస్తది?"

"వస్తున్నా" అంది, అలవాటుగా. సంచీ తగిలించుకుని రోడ్డు మీదికొచ్చింది.

రోడ్డు పక్క గుంటలో తామరాకులు ఊగుతున్నాయి. గాలికి ఎగిరిన నీళ్ళు వాటి మీద పడి, ఒక్క తడి మచ్చైనా మిగల్చకుండా దొర్లిపోతున్నాయి. ఆమె నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలి లోతు బురదలోకి దిగింది. కొత్త ఆకును కాడ పట్టుకుని, చీర కూడా తగలనివ్వకుండా తెచ్చుకుంది.

హాలు ఖాళీగా ఉంది. అందరూ భోజనాలకి వెళ్ళారు. ఆకు అంచులు పట్టుకుని రేకు అతికించి, తీగ సర్ది, చుక్క వదిలింది. దీపం ఠక్కున మెరిసింది.

"వెలిగింది" అంది పైకే. వినేవాళ్ళు ఎవరూ లేరు.

ఫోన్ మళ్ళీ మోగింది. చేతుల నిండా బురద. కొంగు అందుకోబోయిన చెయ్యి సగంలో ఆగింది. ఆ బురద చేత్తోనే ఫోన్ ఎత్తింది.

"యాడుండావు?"

"కాలేజీలో. నా పని ఇంకా అవలేదు, నేను రాను. పళ్ళేలు మీరే తుడిచి పెట్టండి. గుడ్డ పొయ్యి పక్కనే ఉంది."