పేరు కొట్టించిన కంచం

పెనుగంచిప్రోలులో మిరపకాయలు ఎండే రోజుల్లో గాలి పీల్చినా తుమ్ములే. జెరూషా పొద్దున్నే కల్లానికి పోయి, ఎర్రటి దుప్పటి పరిచినట్టున్న కాయల మధ్య కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరేది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, మండే చేతులకి మజ్జిగ పట్టించి, కడుక్కుని, కొబ్బరినూనె రాసుకునేది. ఆ తర్వాతే వెస్లీకి అన్నం పెట్టేది.

వెస్లీ ఆమె భర్త. సైన్యంలో పనిచేస్తున్నాడు. పెళ్ళి సెలవు అయిపోయి బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఆగి, "మధ్యాహ్నం నా కంచం మాత్రం తియ్యకు జెరూ" అన్నాడు. పెళ్ళికి వచ్చిన స్టీలు కంచం అది. అంచున వెస్లీ, జెరూషా అని పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. ఆమె అందులో వడ్డించి, గోడవార అతను కూర్చునే పీట ముందు పెట్టేది. కాసేపటికి అన్నం ముద్దముద్దగా తగ్గిపోయేది. ఎక్కడో మంచుకొండల మీద ఉన్నవాడు ఇక్కడ పెట్టింది తినేవాడు. చివరికి కంచం అంచున కరివేపాకు రెబ్బలు మాత్రం వరసగా మిగిలేవి. అవి అతనికి చిన్నప్పట్నుంచీ పడవు.

వీధిలో దీన్ని వింతగా ఎవరూ అనుకోలేదు. ఎదురు కొట్టు శ్యామలాదేవి పప్పు తూస్తూ అడిగేది.

"ఏమ్మా, మీ ఆయన తిన్నాడా?"

"తిన్నాడు పిన్నిగారూ. చారు పోసుకోలేదు. ఎవరి మీదో అలిగినట్టున్నాడు."

"ఎవరి మీదేంటి, నీ మీదే. ఉప్పు తగ్గిందేమో చూసుకో."

జెరూషా సిగ్గుపడి నవ్వేది. కంచం ఖాళీ అవుతున్నంతసేపూ ఎదురుగా మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని చూసేది. తగ్గే ప్రతి ముద్దకీ అతని దవడ కదలడం, మధ్యలో కళ్ళెత్తి తనని చూడడం ఆమెకి కనిపించేవి. వెళ్ళేముందు అతనికి తన చేత్తో ముద్దలు పెట్టిందొకసారి. ఆరోజు చేతులు సరిగ్గా కడుక్కోలేదు. "నీ వేళ్ళు కావివి, పండుమిరపకాయలు!" అని నోరు ఊదుకుంటూనే వేలు కొరికాడు.

సరిహద్దులో యుద్ధం మొదలైంది. వెస్లీ ఫోను పలకడం మానేసింది. టీవీలో ఏవేవో చెబుతున్నారు గానీ, అత్త ఏసురత్నం దాన్ని కట్టేసి, "మనకి కంచం ఉంది. అది చాలు" అంది.

కంచమే ఆ ఇంటికి ధైర్యం. అన్నం తగ్గిందంటే అతను ఉన్నట్టే.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టీ పెట్టగానే మాయమైంది. మళ్ళీ పెట్టింది. అదీ అయిపోయింది. ఈసారి ఎవరో కూరంతా ముందే ఊడ్చేశారు. తర్వాతి వాయిలో పచ్చడి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత కరివేపాకు కూడా మిగల్లేదు.

"వాడు కరివేపాకు తినడమేంటే?" ఏసురత్నం ఆశ్చర్యపోయింది.

"ఆయన కాదు అత్తయ్యా. పక్కనున్న వాళ్ళకి పెడుతున్నాడు. వాళ్ళకి తిండి అందట్లేదనుకుంటా."

ఇద్దరూ పొయ్యి ఆరకుండా వండారు. మర్నాటికి బియ్యం బస్తా అడుగంటింది. అప్పు తెద్దామంటే శ్యామలాదేవి కొట్టుకి తాళం వేసి సరుకు కోసం జగ్గయ్యపేట వెళ్ళింది. ఇంట్లో మిగిలింది పిడికెడు బియ్యం డబ్బా ఒక్కటే. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు అందులో పోసి, వారం వారం చర్చికి ఇవ్వడం ఏసురత్నానికి కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఉన్న అలవాటు.

జెరూషా ఆ డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఏయ్! అది దేవుడిది. ముట్టుకోకు."

"కంచం చూడండి అత్తయ్యా."

కంచం మెతుకు లేకుండా మెరుస్తోంది. ఎవరో వేలితో నాకినట్టు గీతలున్నాయి. ఏసురత్నం వాటిని చూసింది. తనే డబ్బా తెచ్చి బియ్యం చేటలో గుమ్మరించింది.

సరిగ్గా అప్పుడే పాస్టరు జయరాజ్ గారు వీధిలో పిడికెడు బియ్యం పోగుచేసుకుంటూ స్కూటర్ మీద వచ్చారు. ఏసురత్నం తలొంచుకుంది.

"వందనాలు అయ్యగారూ. తప్పయిపోయింది. దేవుడి బియ్యం పొయ్యి మీద పెట్టేశాం."

ఆయన గుమ్మంలో నిలబడి, కంచంలో వేసిన గంటెడు అన్నం కరిగిపోవడం చూశారు. వెనక్కి తిరిగి స్కూటర్ మీది సంచి తెచ్చి లోపల దించారు.

"ఆకలైనోళ్ళేగా తింటోంది ఏసురత్నమ్మా. ఇవి కూడా వండండి."

అన్ని ఇళ్ళ పిడికిళ్ళూ కలిసిన బియ్యం. సన్నవీ, దొడ్డువీ, పాతవీ, కొత్తవీ, రేషన్‌వీ. అవెప్పుడూ సమంగా ఉడకవు. ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు జావ. అయినా కంచం దేన్నీ వదల్లేదు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు జెరూషా కల్లంలో ఉండగా ఏసురత్నం పరిగెత్తుకొచ్చింది. కొంగు జారిపోతున్నా చూసుకోలేదు.

"అందరూ తిన్నారే. వాడు తినలా. చివర పెట్టింది పెట్టినట్టే ఉంది. చల్లారిపోతోంది."

జెరూషా చేతిలో కాయలు పడేసి పరుగెత్తింది. అన్నం మీద మీగడలా మంచు కడుతోంది. కరివేపాకు ఎక్కడిదక్కడే ఉంది. మజ్జిగ, నూనె ఏవీ గుర్తురాలేదు. మండుతున్న చేత్తోనే మంచు చెదరగొట్టి, అన్నం కలిపి ముద్ద చేసి, పీట మీది ఖాళీలోకి చాపింది. వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. పెదవులు. కదలడం లేదు.

"నిద్రపోకు. ఏయ్, నిన్నే! తిని పడుకో. ముందు తిను" అని తిడుతూ, ఏడుస్తూ, ముద్దని పెదవుల మధ్యకి తోసింది. వేళ్ళు కూడా తోసింది. "నేను కూడా తినలేదు తెలుసా నీకు?"

ఏసురత్నం వెనక మోకాళ్ళ మీద కూర్చుని నోట్లోనే ప్రార్థన చేస్తోంది.

అప్పుడు ఖాళీలోంచి పెద్దగా పొలమారిన దగ్గు వచ్చింది. జెరూషా వేలు చురుక్కుమంది. కొరికాడు.

ఆ వారంలోనే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వెస్లీ గొంతు నీరసంగా ఉంది.

"జెరూ... నా చెయ్యి..."

"కుడి చెయ్యేగా దెబ్బతిన్నది. అందుకేగా నువ్వు కలుపుకోలేకపోయింది."

"మంచులో ఒరిగిపోయానే. ఎంత హాయిగా ఉందో ఆ నిద్ర. పక్కవాళ్ళు లేపినా లేవలేదంట. ఇంతలో నోరంతా భగ్గుమంది. కళ్ళమ్మట నీళ్ళు. లేచి కూర్చున్నా. కింద నుంచి మనవాళ్ళు ఎక్కి వస్తున్నారు."

జెరూషా వేలి మీద పంటిగాటు తడుముకుంటోంది.

"ఒకటి చెప్పు. ఆ అన్నం ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు జావ. అది పిడికెడు బియ్యం కదూ? అమ్మ ముట్టుకోనిచ్చిందా?"

పక్కనే చెవి ఆనించి వింటున్న ఏసురత్నం ఫోను లాక్కుంది. "ఇవ్వక చస్తానా! నువ్వు ముందు కరివేపాకు తినడం నేర్చుకోరా. పక్కవాళ్ళని చూసి" అని ఫోను కోడలికి ఇచ్చేసింది.

"జెరూ, రేపు మాత్రం చేతులు కడుక్కుని పెట్టు తల్లీ. నాలుక పొక్కింది."

మర్నాడు జెరూషా కల్లం నుంచి వచ్చి చేతులకి మజ్జిగ పట్టించుకుంది. కడుక్కుని, నూనె రాసుకుంది. పేరు కొట్టించిన కంచంలో అన్నం పెట్టి, పీటకి ఎదురుగా కూర్చుని, కూరలోంచి కరివేపాకు రెబ్బలన్నీ ముందే ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టింది. ఎడం చేత్తో అతను ఏరుకోలేడు కదా.