నలభై ఎనిమిది దగ్గర ముల్లు

నేను ఒక కాటాని. కూరల బండి మీద ఊగే చిన్న తక్కెడ అనుకునేరు, కాదు. మనిషి పైకెక్కి నిలబడితే బరువు చెప్పే పెద్ద కాటాని. కింద ఇనుప పలక, వెనక స్తంభం, దాని నెత్తిన గుండ్రటి ముఖం, ముఖంలో ఒక ముల్లు. నన్ను పోతపోసింది హౌరాలో. అయితేనేం, వాల్తేరు స్టేషన్లో దిగిన రోజు నుంచీ నా చెవిన పడింది సముద్రపొడ్డు తెలుగే.

మొదట విశాఖ చేపలరేవులో ఒక రొయ్యల షావుకారు దగ్గర కొలువు. కొనేటప్పుడు ముల్లు తక్కువ చూపిస్తే మురిసిపోయేవాడు, అమ్మేటప్పుడు అదే తక్కువ చూపిస్తే కాలితో తన్నేవాడు. ఆయన కాలం చేశాక కొడుకులు నన్ను పైడినాయుడు మాస్టారికి ఇచ్చేశారు. మాస్టారు పోర్టులో పని చేస్తూ బాక్సింగ్ ఆడినవాడు. రిటైరయ్యాక పాత గోదాములో రింగు కట్టి ఆడపిల్లలకి నేర్పేవాడు. అక్కడికొచ్చాక నాకు రొయ్యల కంపు వదిలి చెమట కంపు పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, ఈ కంపే నాకు నచ్చింది.

బాక్సింగ్ అంటే గుద్దులాట అనుకుంటారు గానీ సగం ఆట నా పలక మీదే జరిగిపోతుంది. ఒకే బరువున్నవాళ్లనే ఒకరితో ఒకరిని ఆడిస్తారు. నలభై ఎనిమిది కిలోల తరగతి, యాభై ఒకటి, యాభై నాలుగు, అలా మెట్లు మెట్లుగా ఉంటాయి. ముల్లు వెంట్రుకవాసి దాటినా ఆ తరగతిలో ఆడనివ్వరు. అందుకే పోటీ ముందు ఈ ఆడపిల్లలు చెవిదిద్దులు తీసేస్తారు, ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెడతారు, చింతపండు చప్పరించి నోరూరితే ఆ ఉమ్మి కూడా డబ్బాలో ఉమ్మేస్తారు. ఉమ్మికి బరువెంతమ్మా, నన్నడగండి చెబుతాను!

ఆ గోదాములో ఇద్దరు అక్కచెల్లెళ్లుండేవారు. నూకరత్నం, ఆమె పిన్ని కూతురు లోవలక్ష్మి. రత్నం నలభై ఎనిమిది కిలోల తరగతిలో రాష్ట్ర ఛాంపియన్. ఒకసారి కాదు, వరసగా ఆరేళ్లు. లోవ దారి వేరు. ఆ పిల్ల నలభై ఎనిమిదిలో అక్కకి ఎదురెళ్లడం ఇష్టంలేక యాభై ఒకటికి పోయి గెలిచింది, ఆ మరుసటేడు యాభై నాలుగుకి ఎక్కి అక్కడా గెలిచింది. ఇహ ఇద్దరిలో ఎవరు గొప్ప అని గోదామంతా రోజూ రచ్చే. ఆ రచ్చలో మొదటి గొంతులు వాళ్లిద్దరివే.

"నీది అద్దింటి కాపరమే లోవా. ఏ ఇంట్లోనూ పొయ్యి రాయి కుదురుగా ఉండదు" అనేది రత్నం.

"నీది సొంతిల్లే అప్పా. కానైతే ఆ ఇంట్లో అన్నమే ఉండదు కదేటి" అని నవ్వేది లోవ.

రత్నం కూడా నవ్వేది. కానీ ఆ మాట ఆమెకి ఎక్కడ తగిలేదో పలక మీద నిలబడ్డప్పుడు నాకు తెలిసేది. పద్దెనిమిదేళ్లప్పుడు ఆ బరువు ఆమెకి అమరినట్టుండేది. ఇప్పుడు ఒళ్లు పెరగాలని చూస్తుంటే ఆమె కుదరదంటోంది. పగలు గంజి, సాయంత్రం నాలుగు ముక్కలు కీరాదోస. ఏడోసారి కూడా గెలిస్తే ఆ తరగతిలో రాష్ట్రంలో ఎవరికీ లేని పేరు ఆమెకి దక్కుతుంది. మాస్టారికి అదే పట్టుదల, ఆమెకీ అదే. ఆ ఒక్క గెలుపు కోసం ఆమె కడుపు మాడ్చుకుంటూనే వచ్చింది.

ఆ ఏడు పోటీలు దసరా మర్నాడు పడ్డాయి. దసరా నాడు ఆయుధపూజకి మాస్టారి తల్లి సన్యాసమ్మగారు గోదాముకి వచ్చింది. గ్లవ్స్‌కి బొట్టు పెట్టింది, ఇసక బస్తాకి బొట్టు పెట్టింది. నా దగ్గరికొచ్చి ముఖం చుట్టూ పసుపు పూసి, పావలా కాసంత కుంకం బొట్టు తీసుకెళ్లి సరిగ్గా సున్నా మీద పెట్టింది. అబ్బో, ఆ రోజు నా సోకు చూడాలి! పూజ చేసినదాని మీద కాలు పెట్టకూడదని ఆ రోజంతా నన్నెవరూ ఎక్కలేదు. అందరూ పులిహోర తిన్నారు. ప్రసాదం వద్దంటే తప్పని రత్నం కూడా పిడికెడు తింది.

తెల్లారి ఆమె పలకెక్కింది. ముల్లు నలభై ఎనిమిదిన్నర దగ్గర ఆగింది.

"మొన్న సరిగ్గా ఉన్నాను కదా మాస్టారూ!" అంది రత్నం. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పులిహోరే కొంప ముంచింది" అన్నాడు మాస్టారు.

ఇంకేముంది, రెయిన్‌కోటు, పరుగు, చింతపండు. మళ్లీ ఎక్కింది. ముల్లు కాస్త దిగింది గానీ నలభై ఎనిమిదికి దిగలేదు. మళ్లీ పరిగెత్తబోయి గుమ్మం దగ్గరే కూలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది. నేనామె ఏడవగా చూడడం అదే మొదలు. నా ఇనుప గుండె కూడా కలుక్కుమంది.

"నా వల్ల కాదు మాస్టారూ. ఆకలేస్తంది" అంది.

మాస్టారు తల పట్టుకున్నాడు. అధికారులు బరువు చూసేదాకా తరగతి మార్చుకోవచ్చు. కానీ మారితే ఆరేళ్ల రాజ్యం పోయినట్టే.

లోవ ఆమె పక్కన కూర్చుంది. "యాభై ఒకటి నాను ఖాళీ చేసినాను కదప్పా. రా. ముందు అన్నం తిను" అంది. రత్నం వాళ్లమ్మ లోవ కోసం పంపిన క్యారేజీలో అన్నం, వంజరం చేపల పులుసు ఉన్నాయి. రత్నం కలుపుకుంది. మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకుంది. తర్వాత క్యారేజీలో మెతుకు మిగల్లేదు.

స్టేడియంలో జరిగింది నేను విన్నదే. అక్కడి కరెంటు కాటా మీద, అంత తిన్న తర్వాత కూడా, ఆమె నలభై ఎనిమిదిన్నరైనా లేదట! మాస్టారికి అనుమానమొచ్చింది. మధ్యాహ్నం గోదాముకొచ్చి, నాకు దణ్ణం పెట్టుకుని, కండువా అంచుతో బొట్టు తుడిచాడు. పలక మీద ఎవరూ లేరు. అయినా ముల్లు సున్నా దగ్గర లేదు. వంగి నా పలక కిందకి చేయి పెట్టాడు. ఎర్రగుడ్డ మూట చేతికి తగిలింది. విప్పితే అరకిలో దాకా తూగే పటిక గడ్డ.

"ఏటమ్మా ఇది?" అని తల్లిని పిలిచి అడిగాడు.

"దిష్టి నాయనా! ఆరేళ్ల బట్టీ ఆ గుంట దీన్నెక్కే గెలుస్తన్నాది. ఊరందరి కళ్లూ దీని మీదే. అందుకే పూజ నాడు కట్టినాను" అంది సన్యాసమ్మగారు, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

పాపం ఆవిణ్ణేమంటాడు? "మంచి పని చేసినావు" అని మూట పట్టుకుని బయటికెళ్లాడు. పోటీలు అయ్యేదాకా ఆ సంగతి రత్నానికి చెప్పలేదు.

తనకంటే బరువైన పిల్లలతో తలపడి రత్నం యాభై ఒకటిలో గెలిచింది. పతకంతో గోదాముకొచ్చిన సాయంత్రం మాస్టారు పటిక గడ్డ ఆమె చేతిలో పెట్టి, జరిగినదంతా చెప్పాడు. "నలభై ఎనిమిదిలో నీ ఏడో గెలుపు నేనే పోగొట్టినానమ్మా. ఒక్కసారి ముల్లు సరిచూస్తే సరిపోయేది" అన్నాడు.

రత్నం ఆ గడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. కోపంతో ముఖం ఎర్రబడింది, ఇక ఆమె నా మీదే విసురుతుందనుకున్నాను. ఉన్నట్టుండి ఆ కోపం కాస్తా దిగిపోయింది.

"ఆరేళ్లూ గెల్సింది నా ఆకలి మాస్టారూ. నేను గెల్సింది ఈయేడే" అంది.

ఇప్పుడు బరువులు చూడ్డానికి కరెంటు కాటా వచ్చింది. నేను వరండాలో ఉన్నాను, గాలి బాగా తగులుతుంది, హాయిగానే ఉన్నాను. పిల్లలు నా పలక మీద కూర్చుని, ఒకే తరగతిని ఏలినవాళ్లు గొప్పా, నాలుగు తరగతులు గెలిచినవాళ్లు గొప్పా అని గొంతులు చించుకుంటారు. తమాషా ఏమిటంటే, మారిపోయిందనుకున్న రత్నం యాభై ఒకటిలోనే పాతుకుపోయి ఏళ్ల తరబడి కదల్లేదు. అద్దిళ్లు మారుతూ మారుతూ లోవ అరవై దాకా వెళ్లింది. ఎవరి సరదా వాళ్లది.

మాస్టారి తర్వాత గోదాము రత్నమే చూసుకుంటోంది. పోటీ రోజున ఏ పిల్లయినా బిక్కమొహంతో బరువు చూసుకోవడానికి వస్తే ఆమె ముందు భుజం మీద చెయ్యేసి అడుగుతుంది.

"పొద్దున్న ఏటి తిన్నావే?"

ఆ జవాబు విన్నాకే అంకె వంక చూస్తుంది.