తెర మీద పడని పేరు

ఇంటర్వెల్‌లో ప్రకటనల స్లైడ్లన్నీ పడ్డాయి, సరోజన పేరు మాత్రం తెర మీదికి రాలేదు.

పళ్లపొడి వచ్చింది, గొడుగుల దుకాణం వచ్చింది. గొడుగుల తర్వాత ‘సరోజన లేడీస్ టైలర్, కొత్తవాడ’ రావాలి. సరోజన హాలుకు వచ్చి మూడు నెలలు దాటింది గానీ, కిందటి దసరాకు మొదలైనప్పటి నుంచి చూసినప్పుడల్లా అదే వరస. దాని చోట ఎవరిదో స్టీలు సామాను మెరిసి ఆరిపోయింది. పక్క కుర్చీలో పల్లీలు ఒలుస్తున్న పొరుగింటి శారద, “నీది ఎటువాయె వదినా?” అంది. సరోజన అప్పటికే లేచింది.

మేనేజర్ గదికి మెట్లెక్కుతున్నంతసేపూ ఆమె అనుమానం పక్క వాడలో జాకెట్లు కుట్టే వెంకటయ్య మీదే. మేనేజర్ సత్యనారాయణ చాయ్ గ్లాసు కింద పెట్టి వింతగా చూశాడు.

“అది ఆపి రెండు నెలలైతాంది గదక్కా. దుకాణం ఎత్తేసిండ్రని మీ ఇంటి మనిషే గేటు కాడ చెప్పిపోయిండ్రట.”

“మా ఇంటి మనిషా? ఎవరు?”

“ఎవరో గేటాయన అడగలే. నేనప్పుడు లేను.”

“నన్నొక్కమాట అడగకపోతిరి.”

“దుకాణమే బందయినంక ఏమడుగుతమక్కా. స్లైడు గాజు ఊకె ఎందుకని నీ పేరు గీకేసి వేరేటోళ్లది రాపిచ్చినం. మల్ల వెయ్యాల్నంటె దసరాదాక జాగ లేదు.”

గీకేశారు. పెయింటరు ఆ చిన్న గాజుపలక మీద సన్న కుంచెతో తన పేరు రాస్తుంటే సరోజన పక్కనే నిలబడి చూసింది. పెళ్లి పత్రిక తర్వాత తన పేరు నలుగురికీ కనబడేలా ఎక్కడైనా ఉందంటే ఆ గాజు మీదే.

“జాగ దొరికిన్నాడు వెయ్యిండ్రి. ఇగ నేను వచ్చి చెప్తెనే ఆపాలె. ఇంటోళ్లు చెప్పినా వినొద్దు,” అని మెట్లు దిగింది.

సగం సినిమా వదిలేసి ఎండలో నడిచింది. ఈ రెండు నెలలూ కళ్ల ముందు తిరిగాయి. హసన్‌పర్తి నుంచి మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్లు ఆట విడవగానే జాకెట్ గుడ్డలు పట్టుకుని నేరుగా కొత్తవాడకు వచ్చేవారు. ఒక్కొక్కరే తగ్గారు. తన చేతులే పాడయ్యాయనుకుంది. కుట్టిన జాకెట్ చేతిని విప్పి మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పింది. “నా కుట్టు చెడిందా?” అని మొగుణ్ణి అడిగితే బాలకిషన్, “కొత్తల అందరస్తరు, మోజు తీరింది. ఇగ ఇల్లు జూసుకోరాదు,” అన్నాడు. కసురుకుని ఉంటే నమ్మేది కాదేమో. మెత్తగా అన్నాడు, నమ్మింది. కిరాయికి తెచ్చుకున్న రెండో మిషన్ తిరిగి పంపేసింది. అది రిక్షా ఎక్కుతుంటే చూడలేక లోపలికి వెళ్లి అతని మగ్గానికి నూలు కండెలు చుట్టింది. తెల్లారకముందే లేచి ఆ నూలు చుట్టకపోతే అతని జంపఖానా జానెడు సాగదు. అయినా అత్త రాజవ్వ దృష్టిలో అది పని కాదు. “కూసుండి జేసేది గూడ పనేనా?” అంటుంది. స్లైడ్ సంగతి విన్ననాడు, “ఆడిదాని పేరు ఊరిమీద పడితె ఇంట్ల పొయ్యి ఆరుతది,” అన్నది కూడా ఆమే. ఆ మాట గుర్తొచ్చేసరికి వెంకటయ్య మీద అనుమానం రాజవ్వ మీదికి మళ్లింది.

ఇల్లు చేరి, పొద్దుగూకే వేళకు వండి, మగ్గం దిగి వచ్చిన బాలకిషన్‌కు అలవాటు కొద్దీ వడ్డించింది. గరిటె చేతిలో ఉండగానే అడిగింది.

“అత్తమ్మా, నా దుకాణం ఎత్తేసిన్నని సీన్మ హాలుల చెప్పింది నువ్వేనా?”

గడప మీద కూర్చున్న రాజవ్వ దవడ కింది వక్క పక్కకు నెట్టింది. “ఆ హాలు ఏ దిక్కున్నదో గూడ నాకెరుక లేదు. నేనేమన్న అంటె నీ మొఖం మీదనే అంట. ఎన్నడన్న దాసిన్నా?”

లేదు. ఎన్నడూ దాచలేదు. అత్త మాటల్లో ముల్లుంటుంది గానీ మూత ఉండదు. సరోజన నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. అతని చెయ్యి కంచంలోనే ఆగింది. అన్నం మీద ఆవిరి లేస్తోంది. బాలకిషన్ ఆ ఆవిరినే చూస్తూ చెప్పాడు.

“నేనే. దోస్తులతోని ఆటకు వోయిన. నీ పేరు పడంగనే ఎన్కకెళ్లి ఎవడో ఈల గొట్టిండు. ‘గీ సరోజన మొగడేం జేస్తడో, గుండీలు కుడతడా’ అని ఇంకొకడు. అందరు నవ్విండ్రు. చీకట్ల నేను గూడ నవ్విన. పోయేటప్పుడు ఆపుమని గేటు కాడ చెప్పిన. ఎందుకని అడుగుతరని దుకాణం ఎత్తేసినమన్న. కొన్నొద్దులు ఆగుతది, మల్ల వేపియ్యొచ్చు అనుకున్న. గీకేస్తరని తెల్వది. కుట్టు చెడిందా అని నువ్వడిగిన్నాడు నోటిదాక వచ్చింది. మిషన్ రిక్షా ఎక్కిచ్చిన్నాడు గూడ వచ్చింది. చెప్పలే, సరోజనా. నీ గిరాకి తగ్గినకాడికెళ్లి రోజూ నాకు అన్నం వేడివేడిగ దొరుకుతాంది.”