తొట్లో పెరిగిన చేప

ముట్టుకుంటే బంతిలా ఉబ్బే విషపు చేపను, విషమున్న భాగాలు తీసేసి కోయడంలో మా మేనమామ పేరు మోసిన వంటవాడు. మేనకోడలినైనా ఆయన హోటల్లో పన్నెండేళ్లు గిన్నెలు తోమాను. నాకూ కోయడం నేర్పమంటే, "నీ చేతికి కత్తిస్తే వచ్చినవాళ్లందరూ పాడెక్కుతారు" అని అందరూ వినేలా నవ్వి, కత్తిని అల్లుడి చేతిలో పెట్టాడు.

నేను బయటికొచ్చేశాను. అవే చేపల పిల్లల్ని తెచ్చి తొట్లలో పెంచాను.

మూడేళ్లకు మామయ్యను భోజనానికి పిలిచాను. వేయించిన కార్జం రెండోసారి వడ్డించుకుని, "ఏ చేపదే ఇది?" అన్నాడు.

"మీరు రోజూ కోసేదే మామయ్యా. విషమని పారేస్తారే, ఆ కార్జమే."

ముద్ద కంచంలో పడిపోయింది. తిమ్మిరెక్కిందేమోనని పెదాలు గిల్లుకున్నాడు. నేను తాపీగా నా కంచంలో కార్జం కూడా తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు చెప్పాను.

"దానికి విషం పుట్టుకతో రాదు. సముద్రంలో తినే నత్తల్లాంటి వాటి వల్ల ఒంట్లో చేరుతుంది. నా చేప నత్త మొహమే ఎరగదు, నేను పెట్టిన మేతే తింది. రేపు మీ హోటల్ ఎదురుగానే కొట్టు తెరుస్తున్నాను. కోయడానికి ఎవరి కత్తయినా చాలు."

ఆయనకి ఊపిరొచ్చింది. "ఇంత విషం నీకెక్కడిదే?"

"పన్నెండేళ్లు మీ తిండే తిన్నాను కదా మామయ్యా."