వాకింగ్ చెయ్యని మనిషి

పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి. కొమరయ్య ఆరో అంతస్తుకు ఎక్కుతున్నాడు. కెనడాలో, సస్కటూన్ నగర శివార్లలోని ఆ మిల్లులో మైసూరు పప్పు పైకి పోవడానికి లిఫ్టు ఉంది. మనిషికి లేదు. నూట ముప్పై ఎనిమిది ఇనుప మెట్లు. పైన జల్లెడ మూసుకుపోయినప్పుడల్లా కింద ఎర్ర లైటు వెలుగుతుంది. కొమరయ్య ఎక్కి, రబ్బరు సుత్తితో చట్రాన్ని నాలుగు బాదులు బాది, దుమ్ము ఊడ్చి దిగుతాడు. మూడేళ్లుగా ఇదే పని. వయసు యాభై రెండు. రెండు మోకాళ్లకూ ప్యాంటు మీదే పట్టీలు, చెవుల్లో మిల్లు హోరు ఆపే ఇయర్‌ప్లగ్స్, కనుబొమల నిండా పప్పు దుమ్ము.

నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. ఎందుకో తెలియదు, ఎవరికి చెప్పుకోవాలో అంతకన్నా తెలియదు. ఫోన్లో భార్యకు బాగున్నాననే చెబుతాడు.

మధ్యాహ్నం భోజనాల గదిలో యూనివర్సిటీ పిల్ల ఒకతె కాగితాలు పెట్టుకుని కూర్చుంది. పేరు వాసవి. ఇక్కడి ఆదివాసులైన క్రీ జాతి కార్మికులూ, బయటినుంచి వచ్చినవాళ్లూ ఎంత వ్యాయామం చేస్తున్నారు, మనసులు ఎలా ఉన్నాయి అని సర్వే. కొమరయ్య పేరు వినగానే తెలుగులోకి మారి, ఈమధ్య మీ మనసు ఎలా ఉంటోందని అడిగింది. ఈ దేశం వచ్చాక ఆ మాట అడిగినవాళ్లే లేరు. చెప్పేద్దామనుకున్నాడు.

పక్క కుర్చీలో సూపర్‌వైజర్ గోపీకృష్ణ. సాయం చేస్తానని వచ్చి కూర్చున్నాడు మహానుభావుడు! పీఆర్‌కి, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, కావలసిన జాబ్ లెటర్ మీద సంతకం ఆయనదే.

"ఈ కాగితం పీఆర్ ఫైల్ల పడ్తదా బిడ్డా?"

పడదనీ, పేరు కూడా రాయడం లేదనీ చెప్పింది వాసవి. గోపీకృష్ణ ఫోన్లోంచి తలెత్తి చూశాడు. అంతే.

"మంచిగనే ఉన్న. ఏం రంది లేదు," అన్నాడు కొమరయ్య.

"వాకింగ్ చేస్తారా అంకుల్?"

వాకింగ్ అంటే బూట్లు కట్టుకుని పార్కు చుట్టూ తిరిగేవాళ్ల సంగతి. పని మీద తిరిగేది వాకింగ్ ఎలా అవుతుంది?

"నాకు టైమేడ దొరుకుతది బిడ్డా."

వ్యాయామం అన్నచోట ఒకటి నుంచి పది దాకా ఉన్న అంకెల్లో ఒకటి చుట్టూ గీత గీసింది ఆ పిల్ల. రోజూ అరగంట నడిస్తే మనసు తేలికవుతుందని సలహా కూడా ఇచ్చింది. ఎక్కడ తగలెయ్యాలి ఇలాంటి చదువును! మోకాళ్ల పట్టీలు ఎదురుగానే ఉన్నాయి కదా, కళ్లు పెట్టి చూస్తే ఏం పోయింది?

పైకెళ్లి కొమరయ్య జల్లెడను నాలుగు కాదు, ఇరవై బాదులు బాదాడు. మోటార్లకు గ్రీజు పెడుతున్న లెనార్డ్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపితే, కింద జరిగిందంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. లెనార్డ్ క్రీ మనిషి, ఊరు ఉత్తరాన సరస్సు దగ్గర. సర్వేలో అతను మాత్రం అన్నీ నిజమే చెప్పాడట. వ్యాయామం దగ్గర, మా అడవిలో వేటకు తిరిగితే పది, ఈ మెట్లకు ఎంతో నువ్వే వేసుకో అన్నాడట. మనసు బాగుండక తను మందులు వాడుతున్నానన్నాడు. ఆ పిల్ల మూడింటిదాకా ఉంటుంది, గోపీకృష్ణ ఇప్పుడక్కడ లేడు, పోయి చెప్పమన్నాడు.

రెండున్నరకు కొమరయ్య దిగడం మొదలుపెట్టాడు. ఆ మెట్లు తన కోసం తాను దిగడం అదే మొదలు. నాలుగో అంతస్తు దాటాక ఎడమ చెయ్యి లాగింది. మెట్టు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

మూడింటికి వాసవి కాగితాలు సర్దుకుని బస్సెక్కింది. వాటిలో కొమరయ్యకు వ్యాయామమూ లేదు, బాధా లేదు. రేపు ఎక్కడో వెచ్చటి గదిలో పెద్దలు చదివేది అదే.

నాలుగింటికి లెనార్డ్ చూశాడు. అరిచి చెబితే గోపీకృష్ణ కిందినుంచే, మరి జల్లెడ దగ్గర ఎవరున్నారని అడిగాడు. లెనార్డ్ వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. మిల్లంతా ఆగిపోయింది. అంబులెన్సువాళ్లు కొమరయ్యను మెట్ల మీదుగానే దించారు.

అతను కూర్చున్న మెట్టు మీద, ఎవరితోనో మాట్లాడబోతూ చెవుల్లోంచి తీసి పెట్టుకున్నట్టు, రెండు నారింజరంగు ఇయర్‌ప్లగ్స్ పక్కపక్కనే ఉండిపోయాయి.