కింది బ్లేడు

నా తమ్ముడు బాలరాజు నా కటింగ్ మిషన్‌ను పాడుచేశాడు. కావాలని చేయలేదని అందరూ అంటారు. చేయలేదని మాత్రం ఎవరూ అనరు. నాకు అది చాలు.

కామారెడ్డిలో మా షాపు. కూలర్ల బాడీలు, బియ్యం డబ్బాలు చేస్తాం. మిషన్ కాలితో తొక్కేది, పల్చటి రేకుకే పనికొస్తుంది. పై బ్లేడుకూ కింది బ్లేడుకూ మధ్య సందు సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే రేకు అంచు మడత పడుతుంది. తక్కువైతే బ్లేడు బ్లేడును కొరుకుతుంది.

ఆ సందు పెట్టేది నా భార్య రాజమణి. లింగంపేటలో బీడీలు చేస్తూ పెరిగిన మనిషి. నేను బోల్టులు తిప్పేవాణ్ణి. ఆమె నేల మీద కూర్చుని బ్లేడ్ల నడుమ వెలుతురు చూసేది.

"ఇంకింత జరుపు. ఆగాగు! నీ నడక లెక్కనే వంకర పోయింది."

చివరికి బీడీలు చుట్టే తునికాకు ముక్క పెట్టి తొక్కమనేది. ఆకు చినగకుండా ఆ కొసదాకా తెగితేనే లేచేది. చివరిసారి ఎండాకాలం ముందు అట్లాగే పెట్టింది. వానలు పడ్డాక కామెర్లతో పోయింది.

ఎల్లారెడ్డిలో మా ఇంటి దగ్గర మైల పట్టాం. మైలలో పనిముట్టు ముట్టరాదు. దినాలు అయ్యాక కడిగి, బొట్టు పెట్టి, అప్పుడే పని మొదలుపెట్టాలి. నడుమ బాలరాజు షాపు రెండో తాళంచెవి అడిగాడు. "కరెంటు బంద్ చేసొస్త అన్నా" అన్నాడు. ఇచ్చాను.

దినాలనాడు రాజమణి సమాధి దగ్గర పేరు రాసిన ఇనుప పలక ఉంది. బాలరాజు చేశాడన్నారు. అందరి ముందూ వాడి భుజం తట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు షాపు తెరిచాను. కింది బ్లేడు అంచు నీలం తిరిగి ఉంది. తునికాకు పెట్టి తొక్కాను. నలిగి, చినిగి వేలాడింది. వాణ్ణి పిలిచాను.

"ఏందిరా ఇది?"

"పలక జర మందముండె అన్నా. తెగలే. బోల్టులు వదులు జేసి, ఎక్కి తొక్కిన. అంచు రాలింది. సానరాయి మీద పట్టిన."

"నీళ్లు గొట్టకుంట పట్టినవు."

నీళ్లు లేకుండా రాయి మీద సానపెడితే బ్లేడు కాలుతుంది. నీలం తిరిగిన ఉక్కుకు పదును నిలవదు.

"గ్యాస్ పెట్టి కోయిస్తే అయిపోతుండె గదరా."

"నా చేతుల్తోని కొయ్యాల్ననుకున్న. వదిన నాకు అవ్వ లెక్క బువ్వ పెట్టింది."

"బువ్వ పెట్టినామె పెట్టిన సందే దొరికిందా నీకు విప్పనీకి?"

"కొత్త బ్లేడు తెస్త అన్నా."

"బ్లేడు తెస్తవు. ఆమెను యాడికెల్లి తెస్తవు?"

ఏడ్చాడు. వాడికిచ్చిన తాళంచెవి లాక్కుని, పొమ్మన్నాను.

నా బిడ్డ నిరోష వాడి తరఫున వచ్చింది.

"బాపూ, చిన్నాయన అమ్మ కోసమే జేసిండు గదా. ఇది ఎన్నేండ్లు మనసుల పట్టుకుంటవు?"

"మీ అమ్మ కోసమే నేను పట్టుకున్న."

"అమ్మ ఉంటే నిన్నే తిడుతుండె."

ఉంటే తిట్టేదే. లేదు.

ఒక రోజు ఒక్కణ్ణే సమాధి దగ్గరికి పోయాను. పలక అంచు గరుకుగా, ముట్టుకుంటే చెయ్యి కోసేలా ఉంది. ఆకురాయితో నాలుగు పక్కలా రుద్ది నున్నగా చేసి వచ్చాను. ఆమె పేరున్న పలక గనుక చేశాను. వాడి పని గనుక కాదు.

కొత్త బ్లేడు బిగించాను. సందు నేనే పెట్టుకున్నాను. రేకు తెగుతుంది, ఆకు తెగదు. బాలరాజు బీర్కూర్‌లో వెల్డింగ్ షాపులో చేరాడు. పెండ్లిళ్లలో ఎదురైతే "అన్నా" అంటాడు. నేను పక్కకు తిరుగుతాను.

అడిగారు గనుక ఒక్కసారి చెప్పాను. మళ్లీ ఎవరు అడిగినా, వాడే వచ్చి కాళ్లు పట్టుకుని అడిగినా, దీని మీద నా నోట మాట రాదు.