ఖాళీ బండి ఎగురుతుంది

మా ఆయన విక్టర్ బండి ఎక్కని వాళ్లు నారాయణఖేడ్‌లో తక్కువ. పొడుగాటి వ్యాను, ఖేడ్ నుంచి నాగల్‌గిద్ద అవతలి ఊళ్ల దాకా తిరుగుతుంది. సీట్లు నిండాక కూడా జనం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటారు, వెనక మెట్టు పట్టుకుని వేలాడతారు. ఆ బరువుకు కుంగకుండా విక్టర్ వెనక చక్రాల మీది కమాన్లకు, అంటే స్ప్రింగులకు, అదనంగా ఇనుప పట్టీలు వేయించాడు. జనంతో నిండితే బండి మెత్తగా పోతుంది. ఖాళీగా ఉంటే గుంత గుంతకూ ఎగిరిపడుతుంది. అత్త మంచాన పడేదాకా ఆ సంగతి మాకెవరికీ పట్టలేదు.

అత్త సంగమ్మకు క్యాన్సర్ వెన్నెముకలోకి దిగింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు దవాఖానలో. ఆమె ఏడవలేదు. కొడుకును ఒక్కటే అడిగింది.

"పంట పండుగకు మన ఊరి చర్చికి తోల్కపోరా. గీసారి సుత నా కంకులు నా చేతుల్తోనే పెడ్త."

మా ఊరు నాగల్‌గిద్ద దాటాక వస్తుంది. మామ సమాధి అక్కడే. పండుగ ఆదివారం ఇంటికో జొన్నకంకుల కట్ట తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అత్త ఒక్క ఏడు కూడా తప్పలేదు. మంచంలోనే కూర్చోలేక కూర్చుని, చేను నుంచి తెప్పించిన కంకుల్ని ఎర్రదారంతో కట్టుకుంది.

విక్టర్ మధ్య సీట్లు విప్పి నులకమంచం వేశాడు. ముందే పోయి అక్కడ ఉందామని, పండుగ ఇంకా వారం ఉందనగా బయలుదేరాం. ఖేడ్ దాటి కల్వర్టు ఎక్కగానే బండి ఎగిరింది. అత్త వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. అక్కడే మళ్లించాం.

మెకానిక్ సంగమేశ్ కమాన్ల పట్టీలు తీసేశాడు, టైర్లలో గాలి తగ్గించాడు. ఎంత మెత్తబడిందో చూడాలని ఈసారి మంచం మీద నేను పడుకున్నాను. కల్వర్టు దగ్గర నా నడుమే కలుక్కుమంది. నాకే ఇట్లుంటే ఆమె గతేంటని లేచి కూర్చుని ఏడ్చాను.

"ఇంతకన్న మెత్తగ కాదు వదినా," అన్నాడు సంగమేశ్. "బండికి బరువు గావాలె. ఇసుక సంచులేద్దాం."

అత్త ఒప్పుకోలేదు. "మట్టి ఎట్లనో తర్వాత ఏస్తరు తియ్యి. గిప్పుడే ఎందుకు? మనుషులను ఎక్కియ్యురి. నేనెన్నడన్న ఖాళీ బండిల ఊరికి పోయిన్నా?"

దానికేం భాగ్యం అనుకున్నాను నేను. సీటు కోసం జుట్లు పట్టుకునే జనం కదా! విక్టర్ వాడంతా తిరిగి అందరినీ పిలిచాడు. ఎదురింటి అమృతమ్మ, "అసొంటి మనిషి పక్కన కూసుంటె నాకు కండ్లు తిరుగుతయి బిడ్డా," అంది. అదీ ఎన్నో ఏళ్లు అత్త చేతి జొన్న గటక తాగిన మనిషి. మిగతావాళ్లకు కందిచేలో మందు కొట్టే పని ఆ ఒక్కరోజే గుర్తొచ్చింది.

శనివారం పొద్దున బండిని ఎప్పటిలాగే అడ్డా మీద పెట్టాడు. జనం ఎప్పటిలాగే ఉరికొచ్చారు. తలుపు తీసి, మంచాన్నీ అత్తనూ చూసి, ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. రోజూ ముందు సీటు కోసం కొట్లాడే హన్మయ్య, "నేను ఆటోల వస్త తీ," అని పక్కకు పోయాడు. అత్త వాళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. "రా అయ్యా, జాగ ఉన్నది," అంది. నాకు సిగ్గేసింది, ఆమెను చూసి కాదు, వాళ్లను చూసి.

సంగమేశ్ ఒక్కడే షాపు మూసి వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఒక్కడి బరువు ఏం సరిపోతుంది? కల్వర్టు మీద నేను అత్త భుజాల కింద చేతులు పెట్టి ఎత్తిపట్టాను. ఆమె అరవకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. కల్వర్టు దాటాక కొంగు తీసి, "ఇగ మల్పు బిడ్డా, నాతోని గాదు," అంది. విక్టర్ స్టీరింగు మీద తల ఆనించి, లేచి బండి వెనక్కి మళ్లించాడు.

పండుగ రోజు తెల్లారేసరికి అత్త పోయింది.

మామ పక్కనే పెట్టాలని శవపేటికను అదే బండిలో ఎక్కించాం. మనుషుల్ని ఈసారి ఎవరూ పిలవలేదు. అమృతమ్మ వచ్చింది, హన్మయ్య వచ్చాడు, అడ్డా మీది జనమంతా వచ్చారు. పెట్టె చుట్టూ కింద కూర్చున్నారు, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు, వెనక మెట్టు మీద వేలాడారు. బండి వెనక భాగం నేలకు దిగింది. దిగండి, ఒక్కొక్కరూ దిగండి అని అరవాలనిపించింది. కంకుల కట్టను పెట్టె మీద పెట్టి కూర్చున్నాను.

"బండి మస్తు సాఫ్‌గ పోతున్నదిరా విక్టర్," అన్నాడు హన్మయ్య.

"అవు కాకా, నిండుగున్నది గద," అన్నాడు విక్టర్ వెనక్కి చూడకుండా.

కల్వర్టు వచ్చింది. నా చేతులు వాటంతటవే పెట్టె కిందికి పోయాయి. బండి ఎక్కింది, దిగింది. పెట్టె మీది కంకి ఒక్కటి కూడా కదల్లేదు.